సుంకి ఘాట్‌కు సరిపడే ఐదు టైర్లు

2022 జూలైలో ఒక ఉదయం, ఒడిశా సరిహద్దు దగ్గరి సుంకి దాటి సాలూరు వైపు ఘాట్ దిగుతున్నాను. విజయనగరంలో మా అక్క మనవరాలికి అన్నప్రాశన. సన్నగా తుంపర పడుతోంది. కొండ మీది నుంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి రోడ్డు మీద పలచగా పరుచుకుని ఉంది. ఎడమచేతి వైపు ఒక మలుపు వచ్చింది. నలభై లోపు వేగమే. స్టీరింగ్ తిప్పాను. ముందు చక్రాలు చెప్పినట్టే విన్నాయి, వెనక చక్రాలు వినలేదు. కారు వెనక భాగం కుడివైపుకు, ఎదురు వాహనాలు వచ్చే వైపుకు జారసాగింది. లోడుతో ఎక్కుతున్న లారీ ఒకటి అప్పుడే మలుపులోకి ముక్కు పెట్టింది. బ్రేకు మీదికి వెళ్లబోయిన కాలిని ఆపుకొని, స్టీరింగ్‌ను కుడికి కొద్దిగా తిప్పి పట్టుకున్నాను. కారు ఒకసారి ఊగి, దారిలో పడింది. లారీ డ్రైవరు ఆగిపోయాడు. అద్దంలోంచి చేయి ఎత్తి, నెమ్మదిగా వెళ్లమని సైగ చేశాడు. కొండవైపు కాస్త వెడల్పున్న చోట ఆపి ఇరవై నిమిషాలు వాన చూస్తూ కూర్చున్నాను.

ముప్పై ఏళ్లుగా అదే దారిలో అదే కారు నడుపుతున్నాను. అది ఎప్పుడు ఎంత ఒరుగుతుందో, ఏ మలుపులో ఎంత గొణుగుతుందో నాకు తెలుసు. ఏ హెచ్చరికా లేకుండా అది నా చేయి దాటిపోవడం అదే మొదటిసారి.

మాది ఒడిశాలోని సునాబెడ. మా నాన్నగారు ఇక్కడి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) ఇంజన్ల కర్మాగారంలో ఫిట్టరు. 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం మొదలైన కర్మాగారం అది. ఆయన 1968లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి చేరారు. బదిలీ మీద వెళ్తున్న ఒక అధికారి దగ్గర 1984లో ఈ కారు కొన్నారు. 1973 మోడల్ ప్రీమియర్ ప్రెసిడెంట్. చాలామందికి ఆ పేరు తెలియదు, పద్మిని అంటేనే గుర్తుపడతారు. రెండూ ఒకటే బండి. ఇటలీ ఫియట్ 1100డీని బొంబాయి కుర్లాలో తయారుచేస్తూ, కొద్దికాలం ప్రెసిడెంట్ అని పిలిచి, తర్వాత పద్మిని అని పేరు మార్చారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు కర్ర, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు చివర రోడ్డు దిగిపోయిందన్న వార్త చదివినప్పుడు మా షెడ్డులోకి వెళ్లి దీన్ని ఒకసారి తడిమి వచ్చాను.

నేను ఇక్కడే లెక్కల టీచరుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఈ కారు నాకు అలంకారం కాదు, వాడుకునే బండి. కేంద్ర ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండిని ఇరవై వేల రూపాయలు కట్టి అలా నమోదు చేసుకోవచ్చు. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కించాలి, రోజువారీ పనులకు వాడకూడదు. అందుకే నేను ఆ దారికి వెళ్లలేదు. మామూలు రిజిస్ట్రేషన్నే ఐదేళ్లకోసారి పొడిగించుకుంటున్నాను. అద్దాల గదిలో పెట్టే బండికి ఏ టైరు వేసినా ఒకటే. సుంకి ఘాట్ దిగవలసిన బండికి అలా కాదు.

ఆ జూలైకి రెండు నెలల ముందు ఒక టైర్ల దుకాణంలో ముందు చక్రాలకు రెండు కొత్త రేడియల్ టైర్లు వేయించాను. వెనక ఉన్నవి పాతకాలపు నైలాన్ టైర్లు, 5.20-14 సైజు. పుస్తకాల్లో క్రాస్ ప్లై అని రాస్తారు, మా వైపు లారీల వాళ్లందరూ నైలాన్ టైరు అనే అంటారు. వాటికి ఇంకా గుండీలు, అంటే నేలను పట్టే రబ్బరు గట్లు, ఉన్నాయి కాబట్టి మార్చనక్కర్లేదని ఆ దుకాణం వాళ్లే చెప్పారు. "తిప్పేవి ముందు చక్రాలే కదమ్మా, మంచివి ముందుంటే చాలు" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. నేనూ నమ్మాను. ఆ మాట ఎంత ప్రమాదకరమో తెలియని మనిషి టైర్లు అమ్మకూడదని ఇప్పుడు గట్టిగా అనుకుంటాను. అందుకే ఈ విషయం ఇంత వివరంగా రాస్తున్నాను.

నైలాన్ టైరు లోపల దారాలు ఏటవాలుగా అల్లి ఉంటాయి. ఒక పొర ఇటు వాలితే దాని మీది పొర అటు వాలుతుంది. మన నులక మంచం గుర్తుకు తెచ్చుకోండి. ఒక మూల కూర్చుంటే రెండో మూల దాకా అల్లిక అంతా లాగుతుంది. ఆ టైరు కూడా అంతే. మలుపులో పక్కగోడ వంగితే నేలను పట్టుకున్న భాగం కూడా దానితోపాటే మెలితిరుగుతుంది, ఒక అంచు పైకి లేస్తుంది. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు అడ్డంగా, తిన్నగా వెళ్తాయి. వాటి చుట్టూ, నేలను తాకే భాగం కింద, ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. ఎద్దుబండి చక్రానికి ఆకులు వేరు, చుట్టూ బిగించిన ఇనుప పట్టా వేరు కదా, ఆ పోలిక ఇక్కడ పనికొస్తుంది. పక్కగోడ ఎంత వంగినా పట్టా నేల మీద చదునుగానే పరుచుకుని ఉంటుంది. ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్లు 1946లో దీనికి పేటెంటు తీసుకొని, 1949లో అమ్మకానికి తెచ్చారు. మా కారు పుట్టేనాటికి రేడియల్ ఉంది, కానీ మా కారు పుట్టింది నైలాన్ టైర్లతోనే.

మలుపులో చక్రం చూసే దిక్కు ఒకటి, అది నిజంగా వెళ్లే దిక్కు ఇంకొకటి. రెండింటి మధ్య చిన్న కోణం ఏర్పడుతుంది. స్లిప్ యాంగిల్ అంటారు. ఆ కోణం లేకుండా ఏ టైరూ మలుపు తిరగలేదు. కారును మలుపులోకి తోసే పక్కబలాన్ని ఒకే మోతాదులో పుట్టించడానికి నైలాన్ టైరుకు పెద్ద కోణం కావాలి, రేడియల్‌కు చిన్న కోణం చాలు. ఇప్పుడు ముందు రేడియల్, వెనక నైలాన్ వేస్తే ఏమవుతుంది? ముందు భాగం తక్కువ కోణంతో చురుగ్గా లోపలికి తిరుగుతుంది. వెనక భాగం అదే బలం కోసం ఎక్కువ కోణం తీసుకుంటూ బయటికి జరుగుతుంది. అంటే కారు మనం అడిగిన దానికంటే ఎక్కువ తిరుగుతుంది. తడి రోడ్డు మీద, దిగుడులో, బరువంతా ముందుకు వాలి ఉన్నప్పుడు వెనక చక్రాల పట్టు అసలే తక్కువ. ఆ ఉదయం నా కారు చేసింది సరిగ్గా అదే. రెండు రకాలూ కలపక తప్పని గతి పడితే రేడియల్ వెనక, నైలాన్ ముందు ఉండాలి. ఒకే ఇరుసు మీద చెరొకటి అసలే పనికిరాదు. అయితే అన్నీ ఒకే రకం వేసుకోవడమే సరైన పని.

అన్నప్రాశన అయిపోయాక ఆ రెండు రేడియళ్లూ తీయించి, పాత నైలాన్లే ముందు వేయించుకుని, ముప్పై దాటకుండా ఇల్లు చేరాను. అప్పుడు మొదలైంది అసలు వెతుకులాట.

మొదట అనుకున్నది మళ్లీ నాలుగూ నైలాన్లే వేద్దామని. అందులో న్యాయం ఉంది. సస్పెన్షన్ ఆ టైర్ల కోసమే తయారైంది. అవి జారే ముందు చాలాసేపు చెబుతాయి, మెల్లగా వదులుతాయి. స్టీరింగ్ తేలికగా ఉంటుంది. కానీ దొరికిన జత తయారీ తేదీ చూసి వద్దనుకున్నాను. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాకు చూపించిన వాటి మీద 1115 అని ఉంది. అంటే 2015లో పదకొండో వారం. ఏడేళ్లు గోదాములో పడి ఉన్న రబ్బరు. గోటితో నొక్కితే చెక్క నొక్కినట్టుంది. గుండీల లోతు చూసి కొత్తదనుకోకండి, రబ్బరుకు వయసు లోతులో కాదు, మెత్తదనంలో తెలుస్తుంది.

ఇంకో సంగతి. నైలాన్ టైర్లు రోడ్డు మీద గాడి ఉంటే ఆ గాడి వెంట పోతాయి. సిమిలిగుడ నుంచి పొట్టంగి దాకా లారీల చక్రాలు తారును ఒత్తి రెండు కాలువలు చేసిన చోట్లు ఉన్నాయి. అక్కడ స్టీరింగ్‌తో పెనుగులాడటం చిన్నప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని చూసిన దృశ్యమే. ఆయన భుజాలకు అలవాటైన పని. అరవై దాటిన నా భుజాలు ఇక వద్దంటున్నాయి.

విజయనగరంలో ఉన్న మా మేనల్లుడికి కార్ల పిచ్చి. "అత్తా, అలాయ్ చక్రాలు వేసి 185/60 ఆర్14 టైర్లు పెట్టు, రోడ్డును జలగలా పట్టుకుంటుంది" అన్నాడు. వాడి ఉత్సాహాన్ని కాదనలేక లెక్క వేసి చూపించాను. 5.20-14 అంటే టైరు వెడల్పు 5.20 అంగుళాలు, రిమ్ము వ్యాసం 14 అంగుళాలు. ఎత్తు ఎంతో టైరు మీద రాయరు కానీ ఆ కాలపు టైర్లకు వెడల్పులో దాదాపు 95 శాతం ఉండేది. 132 మిల్లీమీటర్లలో 95 శాతం సుమారు 125. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రిమ్ము 356. మొత్తం చక్రం వ్యాసం 606 మిల్లీమీటర్లు. వాడు చెప్పిన టైరుకు వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము అదే 14 అంగుళాలు. దాని వ్యాసం 578. అంటే కారు కడుపు నేలకు 14 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. కుందులి సంత దగ్గర వేగనిరోధకాలకు అసలే తగులుతుంటుంది. పైగా మా రిమ్ము లోపలి అంచుల మధ్య నాలుగు అంగుళాలకు అటూ ఇటూ. అంత సన్నని రిమ్ము మీద అంత వెడల్పు టైరు కూర్చోదు, పక్కగోడలు లోపలికి లాక్కుపోతాయి. ఆ టైరు కోసం రిమ్ము మార్చాలి. రిమ్ము వెడల్పయితే చక్రం బయటికి వస్తుంది, బేరింగుల మీద, ముందు చక్రాలు అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నుల మీద భారం పెరుగుతుంది. ఒక్క టైరు కోసం కారు కాళ్లన్నీ మార్చుకుంటూ పోవాలి.

వెడల్పాటి టైరంటే మంచి పట్టు అన్న నమ్మకం ఈమధ్య అందరికీ ఉంది. మా కారుకు ఒక కొలత వరకే అది నిజం. పొడి రోడ్డు మీద దానికి మరీ ఎక్కువ పట్టు ఇస్తే, మెత్తటి స్ప్రింగుల మీద ఒళ్లు మరింత ఒరిగి, ముందు చక్రాలు నేలకు ఏటవాలుగా నిలబడతాయి. అప్పుడు వెడల్పులో సగం గాల్లోనే ఉంటుంది. తడి రోడ్డు మీదనైతే సన్నని టైరే నీటిని సులువుగా కోసుకుపోతుంది. మా కొరాపుట్ కొండల్లో వానాకాలం అంటే ఏడాదిలో మూడోవంతు.

కాబట్టి నాకు కావలసింది సన్నగా, ఎత్తుగా ఉన్న రేడియల్. 155/80 ఆర్14 వ్యాసం 604. పాత దానికి రెండు మిల్లీమీటర్లే తేడా, చక్కగా సరిపోతుంది. కానీ మా చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదు. దొరికినా, ఘాట్‌లో ఒకటి చిరిగితే మళ్లీ తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది. 175/70 ఆర్14 వ్యాసం 601, అదీ బాగానే ఉంది కానీ మా రిమ్ముకు వెడల్పు ఎక్కువ. మిగిలింది 165/80 ఆర్14. ఇది మారుతి స్విఫ్ట్ చిన్న మోడళ్లకు వచ్చే సైజు. సిమిలిగుడలోనూ దొరుకుతుంది, విజయనగరంలోనూ దొరుకుతుంది. వ్యాసం 620, అంటే పాత దానికంటే రెండు శాతం పైచిలుకు ఎక్కువ. దాని మీద 85టీ అని ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదు, టీ అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. మా కారు బరువుకూ వేగానికీ అవి రెండూ ఎక్కువే.

రెండు శాతం ఎత్తు పెరిగితే ఏమవుతుందో కొనే ముందే తేల్చుకున్నాను. గేరు కొంచెం బరువవుతుంది, ఎక్కుడులో కాస్త ముందుగా మూడో గేరుకు దిగాలి. స్పీడోమీటరు తేడా చూపిస్తుంది. మాది అంతకుముందు 60 చూపితే ఫోనులో జీపీఎస్ 57 అనేది. ఇప్పుడు 58 అంటోంది. ఈ మార్పు నిజానికి దగ్గరగా జరిగింది. ఇక చక్రం లోపల దేనికీ రాసుకోకూడదు. మెకానిక్ దగ్గరున్న ఒక 165 టైరును అరువు తెచ్చుకుని బిగించి, మడ్‌గార్డు లోపల నాలుగుచోట్ల గోధుమపిండి ముద్దలు అంటించాను. స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి గతుకుల దారిలో తిప్పి వచ్చాక చూస్తే ముద్దలు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అన్నిటికంటే సన్నని ముద్ద వేలెడు మందం. అంత సందు చాలు.

కొనడం సాలూరులో కొన్నాను. అది లారీల ఊరు. ఇంటికొక లారీ కథ ఉంటుంది, టైరు మీద చేయి వేసి దాని చరిత్ర చెప్పగలవాళ్లు ఉంటారు. అక్కడి దుకాణంలో పెద్దాయన ఒకరు, డెబ్బై దాటినవారు, నేను ఐదు టైర్లు కావాలనగానే కళ్లజోడు సర్దుకున్నారు. "ఐదోది ఎందుకు టీచరమ్మగారూ, స్టెప్నీ పాతదే ఉంచుకోవచ్చు కదా" అన్నారు. ఘాట్ మధ్యలో పంక్చర్ అయితే ఆ పాత నైలాన్ ఏ ఇరుసు మీదికి వస్తుందో నాకు తెలియదు కదా అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "నిజమే, అది మళ్లీ కలిపినట్టే" అని లోపలికి కేకవేశారు. తెచ్చిన ఐదింటిలో నాలుగింటికి ఒకే నెల తేదీ ఉంది, ఒకటి రెండేళ్లు పాతది. నేను అడగకముందే ఆయనే అది పక్కన పెట్టించి వేరేది తెప్పించారు. ఐఎస్ఐ గుర్తు కూడా వేలితో చూపించారు. ట్యూబులతో కలిపి దాదాపు ఇరవై రెండు వేలయింది.

ట్యూబులు ఎందుకంటే, మా రిమ్ములు ట్యూబు టైర్ల కోసం రూపొందినవి. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచు జారకుండా లోపల ఒక చిన్న గట్టు ఉంటుంది. మా రిమ్ములో అది లేదు. మలుపులో గాలి తక్కువైతే అంచు జారి గాలంతా ఒక్కసారిగా పోవచ్చు. కాబట్టి ట్యూబు తప్పదు. అయితే ట్యూబు రేడియల్ కోసం తయారైనదే కావాలి, ఎందుకంటే రేడియల్ పక్కగోడ ఎక్కువ వంగుతుంది, మామూలు ట్యూబు రాపిడికి వేడెక్కి చిరుగుతుంది. టైరు లోపల అంటించిన కాగితపు స్టిక్కర్లన్నీ పీకేయాలి, అవి కూడా ట్యూబును గీకుతాయి. పెద్దాయన దగ్గరుండి ట్యూబుకు పౌడరు రాయించి, సగం గాలి కొట్టించి, తీయించి, మళ్లీ కొట్టించారు, మడతలు పడకుండా. ఆ ఓపిక చూసి నాకు మా నాన్నగారి చేతులు గుర్తొచ్చాయి.

ఇంతా చేసి ఇంటికి బయల్దేరితే కారు నాకు నచ్చలేదు. ఆపి తిప్పేటప్పుడు స్టీరింగ్ బరువెక్కింది, అది ఊహించినదే. కానీ తిన్నని రోడ్డు మీద కూడా ముక్కు అటూ ఇటూ వెతుక్కుంటోంది. నైలాన్ల మీద ఉన్నప్పుడు లేని లక్షణం. రెండు రోజులు బాధపడ్డాను, ఇంత డబ్బు పోసి పొరపాటు చేశానా అని.

సిమిలిగుడలో మా కారు చూసే మెకానిక్ ఒడియా అబ్బాయి, నా దగ్గర చదువుకున్నవాడే. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపాడు. టక్ మని శబ్దం వచ్చింది. "గురుమా, కింగ్ పిన్ను బుష్షులు పోయాయి. పాత టైరు మెత్తగా ఉండి దీన్ని దాచింది. కొత్త టైరు దాచదు" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. నైలాన్ టైరు ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి స్టీరింగ్‌లోని వదులు అందులో కలిసిపోతుంది. రేడియల్ వెంటనే స్పందిస్తుంది, వదులు ఉంటే ఆ వదులునే చేతికి అందిస్తుంది. బుష్షులు దొరకడానికి ఐదు వారాలు పట్టింది. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. ముందు చక్రాలు ముక్కుల దగ్గర కొంచెం లోపలికి చూసేలా పెడతారు కదా, నైలాన్లకు చెప్పిన కొలత రేడియళ్లకు ఎక్కువవుతుంది. దాన్ని సగానికి తగ్గించాం. అప్పుడు కారు తిన్నగా నడిచింది.

మిగిలింది గాలి. నా అనుభవంలో టైరు ఎంపికలో సగం పని దుకాణం దాటాక ఇంట్లో గాలి గేజీతో జరుగుతుంది. రేడియల్ పక్కగోడ ఎప్పుడూ కొంచెం ఉబ్బి కనిపిస్తుంది. పంక్చర్ షాపు ముందు ఆగిన ప్రతిసారీ "గాలి తక్కువుందమ్మా" అంటారు. కంటిని నమ్మకూడదు, గేజీని నమ్మాలి. మొదట నాలుగింటికీ 28 పౌండ్లు పెట్టాను. వెనక భాగం ఇంకా కాస్త చురుగ్గా కదులుతున్నట్టు అనిపించింది. ముందు 26 చేసి, వెనక 28 ఉంచాను. ముందు చక్రాలకు స్లిప్ యాంగిల్ కొద్దిగా పెరిగింది, కారు నెమ్మదించి మలుపు తీసుకోవడం మొదలుపెట్టింది. నాకు కావలసింది ఆ నెమ్మదే. సామానుతో వెళ్తే వెనక 30. ప్రతి మార్పుకూ టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి, ఒక కిలోమీటరు నడిపి, గీత ఎక్కడ చెరిగిందో చూసేదాన్ని. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. బడిలో మిగిలిపోయిన సుద్దముక్కలు ఇలా పనికొచ్చాయి.

కొండ మీద ఉండేవాళ్లకు ఒక మాట. సునాబెడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ. గేజీ చూపించేది టైరు లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడా. ఇక్కడ 28 పెట్టుకుని సాలూరు దిగితే, టైరు వేడి మారకుండా ఉంటే, అక్కడ గేజీ ఒక పౌండు పైచిలుకు తక్కువ చూపిస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు, బయటి ఒత్తిడి పెరిగింది. అయితే కింద ఎండ ఎక్కువ, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ముల వేడి కూడా తోడవుతుంది. సుమారు ఏడు డిగ్రీలకు ఒక పౌండు చొప్పున పెరుగుతుంది. రెండూ కలిసి దాదాపు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. కాబట్టి వేడి టైరులో గాలి తీయకండి. తెల్లవారి, చల్లగా ఉన్నప్పుడు, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో కొలుచుకోండి.

2023 జూలైలో మళ్లీ అదే మలుపుకు, అలాంటి తుంపరలోనే వెళ్లాను. ఆ చోటు దగ్గరవుతుంటే అరచేతులు చెమర్చాయి. నలభై లోపు వేగం. స్టీరింగ్ తిప్పాను. కారు ఒరిగింది, ఎప్పటిలాగే బాగా ఒరిగింది, ఆ ఒరుగుడు ఏ టైరూ తీసేయలేదు. కానీ నాలుగు చక్రాలూ ఒకే మాట మీద ఉన్నాయి. ముందు కొద్దిగా బయటికి, వెనక దాని వెంటే కొద్దిగా బయటికి. స్టీరింగ్ చేతిలో బరువు మెల్లగా పెరిగి, మలుపు అయిపోగానే మెల్లగా తగ్గింది. పాత నైలాన్లు కూడా ఇలాగే మాట్లాడేవి, ఇవి కాస్త ముందుగా, స్పష్టంగా మాట్లాడుతున్నాయి. అయితే ఇవి వదిలేటప్పుడు వాటంత నెమ్మదిగా వదలవని మరిచిపోలేదు. పట్టు పెరిగింది కదా అని వేగం పెంచలేదు. ఆ పెరిగిన పట్టు ఎదురుగా వచ్చే లారీ కోసం దాచుకున్నది.

మొన్న తొమ్మిది వేల కిలోమీటర్లు నిండాయి. గుండీల లోతు కొలిచాను. వెనక టైర్లు రెండూ మధ్యలో, అంచుల్లో సమానంగా 6.7 మిల్లీమీటర్లు. చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది కానీ నేను 3 దగ్గరే మారుస్తాను, వానలో అంతకంటే తక్కువైతే నీళ్లు బయటికి పోవు. ముందు టైర్లు మధ్యలో 6.4 ఉంటే బయటి అంచున 5.6 మాత్రమే ఉన్నాయి. ఘాట్ మలుపుల అరుగుదల అది. ముందు గాలి 27 చేసి ఇంకో వెయ్యి కిలోమీటర్లు చూస్తాను. ఈ ఆదివారం స్టెప్నీని కుడివైపు వెనక్కి, వెనకవి రెండూ ముందుకు, ముందువాటిలో బాగున్నది ఎడమవైపు వెనక్కి వేసి, మిగిలినదాన్ని డిక్కీలో పెట్టాలి. మెకానిక్ అబ్బాయికి కబురు పంపాను, పొద్దున్నే ఎండ రాకముందు వస్తానన్నాడు.